మడ్డి కదలకుండా

ఇంట్లో వైన్ చేసేవాళ్లు ఇద్దరు కలిస్తే మాటలన్నీ పులియబెట్టడం చుట్టూనే తిరుగుతాయి. ఏ ఈస్ట్ వేశారు, చక్కెర ఎంత పట్టింది, నురుగు ఎన్నాళ్లు పొంగింది అని. నిజానికి ఆ పని చాలావరకు ఈస్టే చేసిపెడుతుంది. చేతి పనితనం కనిపించేది ఆ తర్వాత, మడ్డి మీద నుంచి తేటను మరో సీసాలోకి దించేటప్పుడు. ర్యాకింగ్ అనే ఈ పనికి ఖరీదైన సామానేమీ అక్కర్లేదని నా గట్టి నమ్మకం. గ్యాలన్ పట్టే గాజు సీసాలు రెండు, ఆరడుగుల ప్లాస్టిక్ గొట్టం, ఒక సన్నని పుల్ల ఉంటే చాలు.

అమెరికాలో నేనుండే శాంటా క్లారా లోయ కంప్యూటర్ చిప్‌ల కంపెనీలు రాకముందు పళ్లతోటల సీమ. ఇక్కడ ఎండబెట్టిన ప్లమ్ పళ్లు దేశదేశాలకు వెళ్లేవి. తోటలు పోయినా పెరళ్లలో చెట్లు మిగిలాయి. జూన్, జూలై వచ్చిందంటే ఇరుగుపొరుగువాళ్లు సంచులకొద్దీ పంచుతారు. మనవాళ్లు పుల్లటివి పప్పులో వేస్తారు, పచ్చడి నూరుతారు. బాగా పండినవి నేను వైన్‌కు ఉంచుకుంటాను. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే ఏడాదికి 200 గ్యాలన్ల దాకా, ఒక్కరే అయితే 100 దాకా సొంతానికి చేసుకోవచ్చని అమెరికా ఫెడరల్ నిబంధన. అమ్మకూడదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో మాత్రం లైసెన్సు లేకుండా చేయడం నేరం. అక్కడున్నవాళ్లు దీన్ని చదివి ఊరుకోవాలి.

తేట తీయడానికి ముందురోజు రాత్రే సీసాను వంటింటి గట్టుమీదికి ఎక్కిస్తాను. మోసేటప్పుడు కదిలిన మడ్డి తెల్లారేసరికి మళ్లీ అడుగు పడుతుంది. సీసా కింద ఒక పక్కన మడతపెట్టిన గుడ్డ దూర్చి కొద్దిగా వాలుస్తాను, మడ్డంతా ఒక మూలకు చేరుతుంది. ఖాళీ సీసా నేలమీద ఉంటుంది. ఎత్తులో ఉన్న తేడాయే ఇక్కడ మోటారు. గొట్టాన్ని పుల్లకు కట్టి, దాని మూతి మడ్డికి రెండంగుళాల పైన ఉండేలా దించుతాను. నోటితో పీల్చను. ముందే గొట్టం నిండా శుభ్రమైన నీళ్లు నింపి, కింది కొసను బొటనవేలితో మూసి, ఆ నీళ్లు ఒక గ్లాసులోకి పోయాక వైన్ రాగానే సీసాలోకి మారుస్తాను. కింది కొస సీసా అడుగుదాకా వెళ్లాలి. పైనుంచి ధారగా పడితే గాలి కలుస్తుంది. గాలి తగిలిన వైన్ రంగు మాడుతుంది, వాసన చెడుతుంది.

చివరి రెండు నిమిషాలూ కళ్లు తిప్పకూడదు. బోర్డో సెల్లార్లలో ఇందుకోసం కొవ్వొత్తి వెలుగు వాడేవారు. నేను ఫోన్ టార్చి గొట్టం వెనక పెడతాను. ఎర్రగా మెరుస్తూ వస్తున్న ధారలో సన్నటి పొగలాంటి చార ఒకటి కనబడుతుంది. అదే మడ్డి. ఆ క్షణమే గొట్టాన్ని నొక్కేయాలి.

పులియడం నెమ్మదించగానే మొదటిసారి తేట తీయాలి. లావు మడ్డి మీద ఎక్కువకాలం ఉంచితే చచ్చిన ఈస్ట్ కుళ్లి కోడిగుడ్డు మురిగిన వాసన పట్టుకుంటుంది. తర్వాత రెండు మూడు నెలలకోసారి తీస్తే చాలు. తీసిన ప్రతిసారీ సీసాలో కొంత వెలితి పడుతుంది. ఆ వెలితే వైన్‌కు శత్రువు. నీళ్లు పోస్తే పలచబడుతుంది. అందుకే చిన్న సీసాల్లోకి మారుస్తాను, లేదా మరిగించి చల్లార్చిన గాజు గోళీలు వేసి మట్టం మెడదాకా తెస్తాను. గాలి నుంచి కాపాడే సల్ఫైట్ కోసం గ్యాలన్‌కు ఒక కాంప్‌డెన్ బిళ్ల. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇచ్చేటప్పుడు ఆ సంగతి చెప్పాలి.

ఇంతా చేసినా ప్లమ్ వైన్ ఒక పట్టాన తేరదు. మసక చూడగానే పొడులు కొనడానికి పరిగెత్తేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ముందు ఆ మసక ఏమిటో తెలుసుకోవాలి. కదిపితే బుడగలు లేస్తున్నాయంటే లోపల గ్యాస్ ఉంది, అదే మడ్డిని పైకి ఎత్తిపెడుతోంది. మెల్లగా కలిపి గ్యాస్ పోనివ్వాలి. చెంచా వైన్‌లో మూడు చెంచాల రబ్బింగ్ ఆల్కహాల్ కలిపి కాసేపు ఉంచితే జెల్లీ తీగలు కట్టాయా, అది పండులోని పెక్టిన్. (చూసి పారబోయండి, అది విషం.) పెక్టిన్‌కు ఎంజైమ్ ఉంది కానీ, పులియబెట్టకముందే పళ్లలో వేస్తే బాగా పనిచేస్తుంది. పళ్లను ఉడికిస్తే ఈ బెడద మరీ ఎక్కువ.

ప్రోటీన్ల వల్ల వచ్చే మసకకు బెంటొనైట్ అనే బంకమట్టి. గ్యాలన్‌కు ఒకటి రెండు గ్రాములు వేడినీళ్లలో నానబెట్టి కలపాలి. మన పల్లెల్లో బురదనీళ్ల కుండ లోపల ఇందుపగింజ అరగదీసేవారు. నీళ్లలో తేలాడే మట్టి రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని బరువెక్కి దిగిపోయేవి. బెంటొనైట్ దారీ దాదాపు అదే. దాని ఋణావేశం ప్రోటీన్ల ధనావేశాన్ని లాక్కుని అడుక్కు తీసుకుపోతుంది. ఇవేవీ కావంటే చలికాలం గ్యారేజీలో వదిలేయడమే నా వైద్యం. చలికి ఈస్ట్ కూడా దిగుతుంది.

సీసాల్లో నింపే ముందు, సాంద్రత చూపే హైడ్రోమీటర్ రోజుల తరబడి 0.990 దరిదాపుల్లోనే నిలిచిందా అన్నది తప్పక చూడాలి. లోపల ఇంకా పులుస్తుంటే సీసా పగిలిపోతుంది. గ్యాలన్‌కు లెక్కప్రకారం 750 మిల్లీలీటర్ల సీసాలు అయిదు రావాలి. మూడుసార్లు తేట తీశాక నాకు వచ్చేవి ఎక్కువగా నాలుగే. అయిదోదాని కోసం గొట్టాన్ని ఇంకో అంగుళం దించేవాళ్లతో నాకు పేచీ. ఆ ఒక్క అంగుళం మిగతా నాలుగింటినీ మసక చేస్తుంది. వదులుకోలేకపోతే అడుగున మిగిలింది పొడవాటి గ్లాసులో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాటికి పైన రెండు మూడు గుక్కల తేట తేలుతుంది, రుచి చూసుకోవడానికి అది చాలు.