ఓర్పూ, నీకు స్తోత్రం

విశ్వాసుల చేయి విడువని ఓర్పూ, నీకు స్తోత్రం.

మువ్వగోపాలుణ్ణి నోరారా పాడిన క్షేత్రయ్య ఊరు మా మొవ్వ. దేవుడి కోసం తపించడం ఈ సీమకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ తపనకు వెలగా ఇంటినీ అమ్మనూ ఊరి బావినీ వదులుకోమన్న రోజులు మాత్రం కొందరికే వచ్చాయి. వాళ్ల వెంట నడిచావు నువ్వు.

1852. బెజవాడ ఆనకట్ట ఇంకా పూర్తి కాలేదు, మన పొలాలకు ఆ కాలువ నీళ్లు రాలేదు. బందరులో మిషనరీ రాబర్ట్ నోబుల్ దొర 1843లో పెట్టిన బడిలో ఇద్దరు కుర్రాళ్లు బాప్తిస్మం తీసుకున్నారు. ఒకరు బ్రాహ్మణుల ఇంటి మంచాల రత్నం, మరొకరు వెలమల ఇంటి ఐనాల భూషణం. ఊరు అట్టుడికింది. పెద్దలు పిల్లల్ని మాన్పించారు, బడి ఖాళీ అయింది.

రాయి పడితే గాయం మానుతుంది. తిట్టు వినబడితే చెవులు మూసుకోవచ్చు. నిన్నటిదాకా అన్నం కలిపిపెట్టిన చేయి ఇవాళ దగ్గరికి రానివ్వకపోతే ఆ వయసు పిల్లవాడు ఏం చేయాలి? అన్ని శోధనల్లోనూ ఇదే బరువైనదని నా నమ్మకం. ఏడుస్తున్న అమ్మను పగదానిగా చూడలేడు. ఆమె కన్నీళ్లకు తలవంచాలి, ఆమె మాటకు మాత్రం లొంగకూడదు. ఓర్పూ, ఆ ఇరుకులో నిలబడ్డావే, అందుకే నిన్ను పాడుతున్నాను.

పన్నెండేళ్లు గడిచాయి. 1864లో ఆ ఇద్దరూ గురువులుగా అభిషేకం పొందారు. అదే ఏడాది నవంబరు 1న ఉప్పెన బందరును ముంచి ముప్పై వేలమంది దాకా పొట్టన పెట్టుకుంది. మరుసటి ఏడు నోబుల్ దొర కూడా అక్కడే కన్నుమూశాడు.

ఒక్క మాట దాచకూడదు. ఆ బడి అగ్రకులాల పిల్లల కోసం పెట్టింది. మాలపల్లె పిల్లలకు అందులో చోటు లేదు. కానీ నువ్వు బడిగంట కోసం ఆగలేదు. 1859లో కృష్ణకు ఎగువన రాఘవాపురంలో మాలవాడైన పాగోలు వెంకయ్య ఇంటిల్లిపాదితో మిషనరీ డార్లింగ్ దొర చేత బాప్తిస్మం పొందాడు. ఆ తర్వాత పల్లె వెంట పల్లె కదిలింది.

రత్నానికి పోగొట్టుకోవడానికి ఇల్లుంది, పరువుంది. పల్లెలోని కూలివాడికి ఉన్నదల్లా రెక్కల కష్టం. అమ్మవారి జాతరలో డప్పు కొట్టనంటే, ఆదివారం పొలానికి రానంటే, కూలి గింజలు ఆగిపోయేవి, దెబ్బలు పడేవి. పిల్లలు ఆకలితో పడుకున్న ఇంట్లో కూడా స్తోత్రమన్న ఆ తల్లులకు ఏ పుస్తకంలోనూ పేరు లేదు. రక్తసాక్షుల పక్కన నా మనసు వాళ్లకే పీట వేస్తుంది.

వాళ్ల వారసులు ఇవాళ దివిసీమలో, గుడివాడలో, బందరులో ఉన్నారు. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులనూ 1990లో బౌద్ధులనూ చేర్చారు. దళిత క్రైస్తవుణ్ణి మాత్రం నేటికీ చేర్చలేదు. ఆంధ్రలో అతనికి దక్కింది బీసీ-సి కింద ఒక్క శాతం. ఊరు అతన్ని ఇప్పటికీ కులం పేరుతోనే పిలుస్తుంది, ప్రభుత్వం మాత్రం ఆ కులం లేదంటుంది.

ఓర్పూ, నిన్ను పాడతాను. నిన్ను అంతగా అరగదీసిన అన్యాయాన్ని మాత్రం పాడను. చదువరీ, నీ దేవుడెవరైనా సరే, ఆ ఉత్తర్వును మార్చమని అడిగేవాళ్లతో గొంతు కలుపు.