గడప గడపకూ తిరిగిన శాస్త్రం

సమాజశాస్త్ర పరిశోధనకు ఏ పద్ధతి ఎంచుకోవాలని ఎవరడిగినా, పాఠ్యపుస్తకం కంటే ముందు నేను కొల్లూరు మండలం అనంతవరం పేరు చెబుతాను. 1974లో పుచ్చలపల్లి సుందరయ్య గుంటూరు జిల్లాలో సర్వే చేయించిన ఊళ్లలో అదొకటి. అప్పటికాయన సీపీఎం ప్రధాన కార్యదర్శి. దేశమంతా తిరగాల్సిన మనిషి, ఫలానా ఇంటికి ఎంత పొలం, ఎవరు కూలికి పోతారు, ఎవరు కూలీలను పెడతారు అని ఊళ్లలో ఆరా తీయించారు. ఆ ఫలితాలు 1977లో సోషల్ సైంటిస్ట్ పత్రికలో వచ్చాయి. అవి చదివిన ప్రతిసారీ నాకు దండం పెట్టాలనిపిస్తుంది.

పనితనం ఎక్కడుందంటే ప్రశ్నలో ఉంది. ఎకరాలు చూసి పెద్ద రైతు, చిన్న రైతు అని తేల్చేయడం అందరూ చేసేదే. కానీ కాలువ కింద మాగాణి ఎకరానికీ మెట్ట ఎకరానికీ పోలికేమిటి? పైగా పట్టా ఒకరిదైతే దున్నేది కౌలుదారు. అందుకే సుందరయ్య శ్రమను పట్టుకున్నారు. ఇంటివాళ్లు మడిలో దిగుతారా, పనంతా కూలీల చేతే చేయిస్తారా, లేక వాళ్లే మరొకరి పొలానికి కూలికి పోతారా? భూస్వామి, ధనిక రైతు, పేద రైతు, వ్యవసాయ కూలీ ఎవరన్నది అక్కడ తేలింది. ఏం తెలుసుకోవాలో ముందు గట్టిగా అనుకుంటే, ఎవరిని ఏమడగాలో దాన్నిబట్టే వస్తుంది.

మూడు దశాబ్దాల తర్వాత, 2005-06 సర్వే కోసం ఫౌండేషన్ ఫర్ అగ్రేరియన్ స్టడీస్ బృందం అదే అనంతవరానికి వచ్చింది. అనంతపురం జిల్లా బుక్కచెర్లనూ కరీంనగర్ జిల్లా కొత్తపల్లెనూ కూడా తీసుకుంది. నమూనా పేరుతో పదిళ్లకు ఒకటి తీయలేదు. ప్రతి ఇంటికీ వెళ్లారు. ఎందుకంత కష్టమంటారా? ఊళ్లో సగం భూమి నాలుగైదు కుటుంబాల చేతిలో ఉందనుకోండి. చీటీలు తీస్తే ఆ నాలుగిళ్లూ తగలకపోవచ్చు. అప్పుడు కాగితం మీద ఊరంతా సమానంగానే కనిపిస్తుంది! ఏడాదిలో ఎన్ని రోజులు పని దొరికిందని అడిగితే ఏ కూలీ అయినా అటూ ఇటూగా ఓ అంకె చెబుతుంది. నారు పీకుడు, ఊడ్పు, కలుపు, కోత, నూర్పిడి అని ఒక్కో పనీ గుర్తుచేస్తూ అడిగితేనే నికరమైన లెక్క వస్తుంది. వి.కె. రామచంద్రన్, వికాస్ రావల్, మధుర స్వామినాథన్ ఈ మూడు ఊళ్ల మీద 2010లో తెచ్చిన పుస్తకం వెనక ఉన్నది ఇలాంటి ఓపిక.

ఈ దారి గుంటూరు జిల్లాకు కొత్త కాదు. నిడుబ్రోలు బిడ్డ ఎన్.జి. రంగా 1926లోనే డెల్టా గ్రామాల ఆర్థిక వ్యవస్థ మీద పుస్తకం అచ్చువేశారు. 1930లో దక్షిణాది చేనేత మీద మరొకటి రాశారు.

నేను ఇంటింటి సర్వే పక్షం మనిషిని, దాచుకోను. అయినా చీరాల దగ్గర పేరాల నేతగాళ్ల వీధికి వెళ్తే ఫారం సంచిలోంచి వెంటనే తీయకూడదంటాను. ఇంట్లో నేసేవాళ్లెంతమంది అని అడగండి, ‘నేనొక్కణ్ణేనండీ’ అంటాడాయన. గుంట మగ్గం పక్కన ఓ పూట కూర్చుంటే భార్య కండెలు చుట్టడం, ముసలి తల్లి రాట్నం వదలకపోవడం, పడుగు సరిచేయడానికి ఇల్లంతా కదలడం కనిపిస్తాయి. మజూరీ ఎంతని, నూలిచ్చి నేయించే మాస్టర్ వీవర్ ఎదుట అడిగితే నిజం బయటికి రాదు. ముందు కూర్చోవాలి, తర్వాతే లెక్కపెట్టాలి.

ఎవరి అరుగు మీద కూర్చున్నామన్నదీ పద్ధతే. కర్ణాటకలో రాంపుర గురించి రాసిన ఎం.ఎన్. శ్రీనివాస్ నోట్సు 1970లో మంటల్లో కాలిపోతే జ్ఞాపకం నుంచే మహా గ్రంథం రాశారు. ఎంత గొప్ప పని! కానీ తాను చూసింది పై కులాల కళ్లతోనని ఆయనే ఒప్పుకున్నారు. 1985లో కారంచేడు మారణకాండ జరిగినప్పుడు భూస్వామి వసారాలో కూర్చుని రాసుకున్నవాడికి ఒక ఊరు కనిపిస్తుంది. చీరాలకు వచ్చి తలదాచుకున్న మాదిగ కుటుంబాల నడుమ కూర్చున్నవాడికి ఇంకో ఊరు కనిపిస్తుంది.

మరి ఇప్పుడు జరుగుతున్నదేమిటి? పరిశోధక విద్యార్థులు వాట్సాప్ గ్రూపులో గూగుల్ ఫారం పడేస్తారు. స్నేహితులూ బంధువులూ టిక్కులు పెడతారు. వంద రాగానే ‘శాంపిల్ 100’ అని టేబుళ్లు, రంగురంగుల బొమ్మలు! చేనేత కుటుంబాల మీద థీసిస్ రాసి, మగ్గం చప్పుడు ఒక్కసారైనా వినని వాళ్లున్నారు. పద్ధతి గురించిన అధ్యాయాన్ని పాత థీసిస్ నుంచి ఎత్తి ఊరి పేరు మాత్రం మార్చేస్తారు. దానికీ డిగ్రీ వస్తుంది. ఆ అంకెల్ని నమ్మి రేపు ఓ అధికారి పథకం రాస్తే, ఫారంలో లేని ఆ కండెలు చుట్టే ఇల్లాలికి పైసా అందదు. ఇది పిల్లల బద్ధకమని సరిపెట్టుకోవడానికి లేదు. సంతకం పెట్టే పెద్దలదే పాపం.

సమయానికి అడగక చేజారినవి తిరిగి రావు. 1921లో మునిసిపాలిటీ పన్నులు కట్టబోమని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట చీరాల-పేరాల జనం ఇళ్లు వదిలి రామ్‌నగర్ పాకల్లో నెలల తరబడి ఉన్నారు. పన్నుల వివరాలు సర్కారు కాగితాల్లో దొరుకుతాయి. ఆ పాకల్లో మగ్గాలు ఎక్కడ దించుకున్నారో, పురుళ్లు ఎలా పోసుకున్నారో చెప్పగలిగింది అనుభవించినవాళ్లే. వాళ్లిప్పుడు లేరు.

రంగా చేనేత పుస్తకానికి 2030కి నూరేళ్లు. ఆలోగా బాపట్ల, చీరాల, తెనాలి కళాశాలల అధ్యాపకులు తలా ఓ వీధి పంచుకుని పేరాలలో ప్రతి మగ్గాన్నీ రాయించాలి. ఫారం తెలుగులో ఉండాలి. ఆడవాళ్లను అడగడానికి ఆడపిల్లలు వెళ్లాలి. మజూరీ సంగతి మాస్టర్ వీవర్ లేని వేళ చూసి అడగాలి. నింపిన కాగితాలను చీరాల గ్రంథాలయంలో భద్రపరిస్తే, ముప్పై ఏళ్లకు ఇంకొకరు అవే గడపలు ఎక్కగలుగుతారు.