తెరమీది బాణము: దాని సత్యాసత్యములు

కంప్యూటరు తెరమీద మౌసుతోపాటు కదలు చిన్న బాణపు గుర్తును మనము నిత్యము చూచుచునే యుందుము గాని దానిని గురించి ఆలోచించుట అరుదు. కావ్యమును విమర్శించువారు కలరు, చిత్రమును విమర్శించువారు కలరు. ఈ గుర్తును విమర్శింపదగిన రచనగా ఎవరును ఎంచరు. నిజమునకు ఇదియు రచనయే. ప్రోగ్రాము వ్రాసినవాడు దానిని ఉపయోగించువానితో ఆడు మాట యిది. "ఇచ్చట నొక్కవచ్చును" అని బాణమును, "ఇచ్చట అక్షరములు వ్రాయవచ్చును" అని నిలువు గీతయు, "కొంచె మాగుము" అని ఇసుక గడియారమును చెప్పుచున్నవి. మాట యన్న తరువాత అది నిజమా, అబద్ధమా యని అడుగుట న్యాయము. అందముగా నున్నదా యనునది అటుపిమ్మటి ప్రశ్న. మన ప్రోగ్రాములలో పెక్కింట ఆ రెండవ ప్రశ్నకే శ్రద్ధ యెక్కువగా జరుగుచున్నదని నా అభియోగము.

కర్సరు అను పేరు కంప్యూటరుతో పుట్టినది కాదు. పరుగెత్తుట అను అర్థముగల లాటిన్ ధాతువునుండి వచ్చినది. స్లైడు రూలును వాడిన పెద్దలకు ఇది పాత చుట్టమే. ఆ కొలబద్దపై అటు నిటు జరుగు పారదర్శకమైన పలక, పలకమీద వెండ్రుకవంటి గీత. ఆ పలకనే కర్సరు అనిరి. గీత పడినచోట అంకెను చదువవలెను. గీత లావైనను, ప్రక్కకు జరిగినను లెక్క తప్పును. అచ్చట కర్సరు పని అంతయు ఆ సన్నని గీతలోనే యుండెను. పలక ఎంత నిగనిగలాడినను ప్రయోజనము లేదు.

మౌసును అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్, బిల్ ఇంగ్లీష్ అనువారు 1964 ప్రాంతమున తయారుచేసిరి. 1968 డిసెంబరు 9వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కో నగరములో ఎంగెల్‌బార్ట్ దానిని పండితసభలో ప్రదర్శించెను. తెరపై తిరుగు గుర్తును వారు "బగ్", అనగా పురుగు, అని పిలుచుకొనిరి. 1973లో జెరాక్స్ సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనాలయమున నిర్మింపబడిన ఆల్టో యంత్రములో కర్సరునకు దక్కిన చోటు 16 చుక్కల వెడల్పు, 16 చుక్కల ఎత్తు మాత్రమే. నేడు మనకు అలవాటైన వాలుబాణము ఆ యింటి బిడ్డయే. అంత యిరుకు చోట ఏటవాలు గీతలు గీచినచో అంచులు మొరటుగా కనబడును. నిలువు గీతయు, సరిగా 45 డిగ్రీల గీతయు మాత్రము శుభ్రముగా వచ్చును. బాణము ఎడమ అంచు నిలువుగాను, కుడి అంచు వాలుగాను ఉండుటకు చెప్పబడు కారణ మిదియే. తెరలోని చుక్కలు నేడు కంటికి ఆననంత చిన్నవైనను బాణము తన వంపును మానలేదు.

ఇక నిర్మాణము. విండోస్ పద్ధతిలో నలుపు తెలుపు కర్సరునకు రెండు బొమ్మలుండును. ఒకదానిని "అండ్" ముసుగనియు, రెండవదానిని "ఎక్స్‌ఆర్" ముసుగనియు అందురు. ప్రతి చుక్కకును ఒక్కొక్క ముసుగులో ఒక్కొక్క బిట్, అనగా 0 గాని 1 గాని. తెరమీది రంగును మొదట అండ్ బిట్‌తోను, వచ్చిన ఫలితమును ఎక్స్‌ఆర్ బిట్‌తోను కలుపుదురు. రెండును 0 అయిన చుక్క నల్లనగును. అండ్ 0, ఎక్స్‌ఆర్ 1 అయిన తెల్లనగును. అండ్ 1, ఎక్స్‌ఆర్ 0 అయినచో తెర యథాతథముగా కనబడును. రెండును 1 అయినచో తెర రంగు తలక్రిందులగును: నలుపు తెలుపగును, తెలుపు నలుపగును. 32 చుక్కల చదరపు కర్సరునకు ఒక్కొక్క ముసుగు 128 బైట్లు, రెండును కలిసి 256 బైట్లు. 1984లో వచ్చిన మెకింటాష్ ఇంకను పొదుపరి: 16 చుక్కల బొమ్మకు 32 బైట్లు, దాని ముసుగునకు 32 బైట్లు, గురి బిందువునకు 4, మొత్తము 68 బైట్లలో కర్సరు సిద్ధము. సత్యపట్టికలు బోధించు ఉపాధ్యాయులు బల్బులను, స్విచ్చులను గూర్చి చెప్పి విసిగినప్పుడు ఈ నాలుగు వరుసలను నల్లబల్లమీద వ్రాసి చూతురుగాక. తరగతి మేలుకొనును.

ఇంత చక్కని ఏర్పాటులోను ఒక లోప మున్నది. తలక్రిందులు చేయుట ఎల్లప్పుడును పనిచేయు ఉపాయమని తోచును. ఏ రంగుపైననైనను కర్సరు కనబడి తీరవలెను గదా! కాని నడిమి బూడిదరంగును తీసికొనుడు. 0 నలుపు, 255 తెలుపు అనుకొన్నచో ఆ రంగు విలువ 128. దానిని తలక్రిందులు చేసినచో 255 నుండి 128 తీసివేయగా 127 వచ్చును. 128కిని 127కును గల భేదము ఏ కన్నును పట్టలేదు. కావుననే ఈ విధముగా గీచిన నిలువు గీత కర్సరు బూడిదరంగు పుటపై మాయమగును. చూపు మందగించినవారికి ఈ కష్టము మరింత యెక్కువ. నలుపు బొమ్మకు తెల్లని అంచు గట్టిన సామాన్యపు బాణమునకు ఈ బాధ లేదు. అది ఏ తెరపైనను బ్రతుకును.

కర్సరు బొమ్మ 32 చుక్కల చదరమైనను, కంప్యూటరునకు అందులో లెక్కకు వచ్చునది ఒక్క చుక్కయే. దానిని హాట్‌స్పాట్ అందురు. గురి బిందువు అనవచ్చును. క్రియేట్‌కర్సర్ అను ఫంక్షనుతో కర్సరును సృష్టించునపుడు వెడల్పు, ఎత్తులకంటె ముందుగానే ఈ బిందువు స్థానమును ఈయవలెను. బొమ్మలు గీయు ఉపకరణములు మాత్రము, మనము వేరుగా చెప్పనిచో, దానిని పైయెడమ మూలన, అనగా 0, 0 వద్ద, ఉంచును. బాణమునకు అది సరిపోవును. విద్యార్థులు తెచ్చు ప్రాజెక్టులలో నేను తరచుగా చూచునది వేరు: నడుమ కలియు రెండు గీతల గురిగుర్తునో, పువ్వునో గీచి గురి బిందువును మూలనే విడుతురు. కన్ను నడిమిని చూచును, కంప్యూటరు మూలను చూచును. 16 చుక్కలు ఎడమకు, 16 చుక్కలు పైకి తప్పు. పైథాగరస్ ప్రకారము దాదాపు 23 చుక్కల దూరము. బొమ్మకు మార్కులు వేయవచ్చును గాని దానిని కర్సరు అనుటకు నాకు మనసొప్పదు.

అన్నిటికంటె పెద్ద అసత్యము ఇసుక గడియారముది. ఒక పాఠశాలలో మార్కులు నమోదుచేయు ప్రోగ్రా మున్నదనుకొందము. ఉపాధ్యాయుడు "భద్రపరచు" అను మీటను నొక్కును. ప్రోగ్రాము సెట్‌కర్సర్ ద్వారా ఇసుక గడియారమును చూపి, పదిక్షణములు పనిచేసి, మరల బాణమును చూపును. ఈ పదిక్షణములలో ఆయన తోచక ఆ మీటనే మరి రెండుసార్లు నొక్కెను. గడియారము "ఆగుము" అన్నది గదా, ఆ నొక్కులు వృథాపోవునని చాలమంది తలంపు. పోవు! విండోస్ వాటిని వరుసలో నిలిపి యుంచి, పని ముగియగానే ఒక్కటొక్కటిగా అందించును. ఆ కుఱ్ఱవాని మార్కులు మూడుసార్లు నమోదగును. గడియారము ఒక బొమ్మ మాత్రమే. అది తలుపునకు వ్రేలాడదీసిన పలకయే గాని గడియ కాదు.

తెలివిగలవారు మరియొక ఉపాయము పన్నుదురు: పనికి ముందు మీటను పనిచేయకుండ ఆపి, పని కాగానే తిరిగి తెరతురు. ఇదియు చాలదు. ఒకే ఫంక్షనులో ఆపుట, పని, తెరచుట మూడును జరిగినచో, వరుసలో నిలిచిన నొక్కులు బయటకు వచ్చు వేళకు మీట తెరచియే యుండును. అవి సరిగా దానిమీదనే పడును. చేయదగినది, దీర్ఘమైన పనిని వేరొక థ్రెడ్‌నకు, అనగా సమాంతరముగా నడచు మరియొక పాయకు, అప్పగించి, ప్రధానభాగము వెంటనే తిరిగివచ్చి వరుసలోని సందేశములను అందుకొనుచుండుట. అపుడు మీట మూతపడియున్న కాలములో వచ్చిన నొక్కులు నిజముగనే వృథాపోవును. కాని ఇచ్చట ఒక చిక్కు. మౌసు కదలినపుడెల్ల విండోస్ ప్రోగ్రామును "ఇపుడు ఏ కర్సరు?" అని అడుగును. ఆ ప్రశ్నకు జవాబు వ్రాయనిచో, తొలి కదలికతోనే గడియారము పోయి బాణము వచ్చును. పని మాత్రము సాగుచునే యుండును. వెనుకటి పద్ధతిలో కర్సరు నిజము పలికినను మీట అబద్ధమాడెను. ఇపుడు మీట నిజము పలుకుచుండ కర్సరు అబద్ధమాడును. ఆ ప్రశ్నకు పని ముగియువరకు సరియైన జవాబు చెప్పుట ప్రోగ్రాము వ్రాయువాని ధర్మము.

తిరిగి బాణమును తెచ్చుట మరచినవారి కథ వేరు. క్యూట్ అను గ్రంథాలయములో వేచియుండు కర్సరులు ఒకదానిపై నొకటి దొంతరగా పేర్చబడును. ఎన్నిసార్లు పెట్టిరో అన్నిసార్లు తీయవలెను. మధ్యలో ఏదైన పొరపాటు తలెత్తి తీయు వాక్యము తప్పిపోయినచో గడియారము అట్లే నిలిచిపోవును. మైక్రోసాఫ్ట్‌వారి ఎంఎఫ్‌సి గ్రంథాలయములోని సివెయిట్‌కర్సర్ ఈ విషయమున మెచ్చదగినది: ఆ వస్తువు నశించునపుడు తనంతట తానే పాత కర్సరును తెచ్చి పెట్టును. మనుష్యుని జ్ఞాపకశక్తిమీద భారము వేయదు.

2007లో ప్రజల చేతికి వచ్చిన విండోస్ విస్టా ఇసుక గడియారమును తీసివేసి తిరుగుచుండు వలయమును పెట్టెను. చూచుటకు ఇంపుగనే యున్నది. కాని ఆ వలయమును త్రిప్పునది ప్రోగ్రాము కాదు, విండోస్. ప్రోగ్రాము లోపల చచ్చి పడియున్నను వలయము ఉత్సాహముగా తిరుగుచునే యుండును. కదలనట్టి పాత గడియారము తాను బ్రతికియున్నట్లు నటింపలేదు. ఈ మార్పును అభివృద్ధి యనుటకు నేను సందేహింతును. ఐదు సెకనులపాటు ప్రోగ్రాము తన సందేశములను చూడనిచో "స్పందించుట లేదు" అని విండోస్ ప్రకటించుటయే వలయముకంటె మర్యాదగల మాట.

కదలు కర్సరుల మోజు ఒకప్పుడు ప్రమాదమునకే దారితీసినది. వాటి ఫైలులో 36 బైట్ల శీర్షికభాగ మొకటి యుండును. అంతకంటె పొడవైన భాగమును దొంగతనముగా చేర్చినచో విండోస్ కొలత చూడక దానిని జ్ఞాపకములో నింపి, ప్రక్కనున్నదానిని చెరిపివేయుచుండెను. 2005 జనవరిలో దీనిని సవరించిరి. కాని మొదటి భాగమును మాత్రమే కొలిచిరి. అదే ఫైలులో రెండవ శీర్షికను పెట్టినచో తలుపు మరల తెరచుకొనెను. 2007 ఏప్రిల్ 3న రెండవ సవరణ వెలువడెను. ఒక చిన్న బొమ్మ ద్వారా యంత్రమంతయు పరుల వశమగుటకు అవకాశ మేర్పడెను.

మెకింటాష్ ప్రోగ్రాములలో అబ్‌స్క్యూర్‌కర్సర్ అను చిన్న ఆజ్ఞ ఉండెడిది. అక్షరములు కొట్టుచున్నంతసేపు కర్సరును దాచి, మౌసు కదలగనే తిరిగి చూపుటే దాని పని. వ్రాయువానికి ఆ వేళ బాణముతో పని లేదు. అది అక్షరములకు అడ్డము. విండోస్‌లో షోకర్సర్ ఉన్నదిగాని, అది లోపల ఒక లెక్కను పెంచుచు తగ్గించుచు ఉండును. రెండుసార్లు దాచినచో రెండుసార్లు చూపవలెను, ఒకసారి మరచినచో బాణము కనబడదు. అదే పనిని ఒకడు మౌసు కదలికకే వదలెను, మరియొకడు లెక్కకు అప్పగించెను. నా ఓటు మొదటివానికి.