అమ్మ భాషలో అమ్మ ఎక్కడ?

కెనడాలో ఫ్రెంచి, ఇంగ్లీషు మాట్లాడేవాళ్ల మధ్య దూరం గురించి రాసేవాళ్లు ముందుగా ఎత్తుకునే మాట ‘రెండు ఏకాంతాలు’. 1945లో హ్యూ మెక్‌లెనన్‌ ఇంగ్లీషులో రాసిన నవల పేరు అది. ఒకే నేల మీద పక్కపక్కనే ఉంటూ ఒకరికొకరు తెలియని రెండు జాతులన్నమాట. ఆ నవలలో జాతి కథ ఎక్కువగా తండ్రీ కొడుకుల కథగానే నడుస్తుంది. అదే 1945లో గాబ్రియెల్‌ రువా ఫ్రెంచిలో రాసిన ‘బొనోర్‌ దొకాజ్యోఁ’ కూడా వచ్చింది. మాంట్రియల్‌లోని సాంత్-ఆన్రీ అనే పేదపేటలో ఒక తల్లి, ఆమె పెద్దకూతురు ఈ నవలకి కేంద్రం. రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చదివితే ఒక ప్రశ్న మిగులుతుంది. భాషను కాపాడుకోవాలని జాతి అనుకున్నప్పుడు ఆ బరువు ఎవరి ఒంటిమీద పడుతుంది?

రువా నవలలో తల్లి రోజ్-అన్నా కాన్పు మీద కాన్పుగా బతుకుతుంది. చిన్నకొడుకు దానియెల్‌ రక్తపు జబ్బుతో కొండమీది ఇంగ్లీషు ఆసుపత్రిలో చేరతాడు. వాణ్ణి చూడ్డానికి పేటలోంచి కొండెక్కి వెళ్తుంది రోజ్-అన్నా. పిల్లవాడు జెన్నీ అనే ఇంగ్లీషు నర్సుకి బాగా అలవాటుపడిపోయి ఉంటాడు. మంచి పక్క, ఆటబొమ్మలు, ఓపికగా చూసుకునే చేతులు, అన్నీ అవతలి భాషవాళ్ల దగ్గరే ఉన్నాయి. తల్లి దగ్గర ఉన్నది భాష ఒక్కటే. జెన్నీ మీద కోపం తెచ్చుకునే వీలు కూడా లేదు, ఎందుకంటే ఆమె పిల్లవాణ్ణి ప్రేమగానే చూస్తోంది. భాషాభిమానపు ఉపన్యాసాల్లో ఈ తల్లి కనిపించదు.

రోజ్-అన్నా కాన్పులు ఒక్క ఆమె సొంత విషయం కాదు. 18వ శతాబ్దంలో బ్రిటిష్‌వాళ్లు గెలిచాక, రాజ్యం పోయిన ఫ్రెంచివాళ్లు జనాభాతోనైనా నిలబడాలని చర్చి బోధించింది. ‘ఉయ్యాలల ప్రతీకారం’ అని దానికి పేరు కూడా పెట్టారు. ప్రతీకారం జాతిది, ప్రసవం ఆడవాళ్లది. జాతిని నిలబెట్టిన ఆ తల్లులకి క్విబెక్‌ శాసనసభ ఎన్నికల్లో ఓటుహక్కు వచ్చింది 1940లో. భర్త అనుమతి లేకుండా చట్టం ముందు వ్యవహరించే హక్కు వచ్చింది 1964లో.

ఫ్రెంచివాళ్ల ఫిర్యాదు వట్టిదని నేను అనడం లేదు. ఫెడరల్‌ ప్రభుత్వం 1960ల్లో వేసిన రాయల్‌ కమిషన్‌, క్విబెక్‌లోనే ఫ్రెంచి మూలాలవాళ్ల ఆదాయం చాలా దిగువన ఉందని తేల్చింది. యజమాని భాష ఇంగ్లీషు, కూలి భాష ఫ్రెంచి. నా ప్రశ్నల్లా, ఆ కూలి ఇంట్లో వంటగది భాష ఏమిటన్నది.

ఆ వంటగదిని 1968లో మిషెల్‌ త్రాంబ్లే రంగస్థలం మీదకి తెచ్చాడు. నాటకం పేరు ‘లే బెల్‌-సర్’. తోడికోడలు, వదిన, మరదలు, ఆడపడుచు అని మనం విడివిడిగా పిలుచుకునే వాళ్లందరికీ ఫ్రెంచిలో ఉన్నది ఆ ఒక్క మాటే. జెర్మెన్‌ అనే గృహిణికి పోటీలో పదిలక్షల స్టాంపులొస్తాయి. వాటిని పుస్తకాల్లో అతికించి ఇస్తే ఇంటినిండా సామాన్లొస్తాయి. సాయానికి పిలిచిన ఆడవాళ్లే ఆ స్టాంపులు దొంగిలిస్తారు. పదిహేనుమంది స్త్రీలు, ఒక్క మగపాత్ర లేదు. వాళ్లు మాట్లాడేది ‘జువాల్‌’, కార్మికవాడల ఫ్రెంచి. గుర్రాన్ని సూచించే మాటను ఆ వాడలవాళ్లు పలికే తీరునే ఎగతాళిగా ఆ భాషకి పేరు చేశారు. ఆ పదిహేనుమందిలో లిజెత్‌ అనే ఆవిడ యూరప్‌ చూసొచ్చి, ఇక్కడివాళ్ల మాట వింటే సిగ్గేస్తోందంటుంది. పాఠ్యపుస్తకాల తెలుగు ముందు ఇంటి తెలుగు చిన్నబోవడం తెలిసిన తెలంగాణ, ఉత్తరాంధ్ర, రాయలసీమ పాఠకులకు లిజెత్‌ కొత్త మనిషేం కాదు.

1972లో ఈ నాటకాన్ని ప్యారిస్‌ తీసుకెళ్లడానికి క్విబెక్‌ సాంస్కృతిక శాఖ డబ్బివ్వలేదు. అప్పటి మంత్రి క్లేర్‌ కిర్క్‌లాండ్‌-కాస్‌గ్రేన్‌. 1964లో వివాహిత స్త్రీలకు హక్కులు తెచ్చిన చట్టం ఆమె కృషే. చట్టం ముందు స్త్రీకి గొంతునిచ్చిన మనిషికే, ప్యారిస్‌వాళ్ల ముందు ఆ స్త్రీల గొంతు ఇబ్బందిగా తోచింది. స్త్రీలంతా ఒకటేనని సులువుగా అనేసుకునే మనం ఈ సంగతి దగ్గర కాస్త ఆగాలి.

పోనీ, చక్కని ఫ్రెంచి వస్తే సరిపోతుందా? 1977లో క్విబెక్‌ ప్రభుత్వం 101వ చట్టంతో బడిలో, పనిచోట, అంగడి బోర్డు మీద ఫ్రెంచికి పెద్దపీట వేసింది. అదే ఏడాది నికోల్‌ బ్రోసార్‌ ‘లామేర్‌’ ప్రచురించింది. అమ్మ, సముద్రం, చేదు, మూడూ ఒక్కసారే వినిపించే మాట అది. ఫ్రెంచిలో స్త్రీలింగాన్ని తరచుగా సూచించేది పలకని ‘ఇ’ అక్షరం. బ్రోసార్‌ ‘చేదు’కి స్త్రీలింగ రూపం రాసి, చివరున్న ఆ అక్షరాన్ని తీసేసింది. వందమంది ఆడవాళ్లలో ఒక్క మగవాడు చేరితే వాక్యమంతా పుంలింగమైపోయే వ్యాకరణం అది. ఈ భాషను కాపాడమంటున్నారు సరే, ఇందులో నేనెక్కడున్నాను అని అడగడమే ఆ పని.

ఇది ఫ్రెంచివాళ్ల గొడవ మాత్రమే అనుకోవడానికి లేదు. మన వ్యాకరణంలో మగవాడు మహత్తు. స్త్రీ ఏకవచనంలో అమహత్తుతో కలుస్తుంది. ‘అతను వచ్చాడు’ కాని, ‘ఆమె వచ్చింది’, ‘ఆవు వచ్చింది’. ‘మాతృభాష’ అని అమ్మ పేరు పెట్టుకున్న చోటే ఈ లెక్క ఉంది.

క్విబెక్‌ స్త్రీల ప్రశ్న అక్షరాల దగ్గరే ఆగిపోలేదు. 1979లో అక్కడి ఫ్రెంచి భాషా కార్యాలయం వృత్తుల పేర్లకి స్త్రీలింగ రూపాలు వాడమని సూచించింది. ఇటు ‘లామేర్‌’ను 1983లో ఇంగ్లీషు చేసిన బార్బరా గోదార్‌, అమ్మలు, సముద్రం, పులుపు ఒకదాంట్లో ఒకటి వినిపించేలా పేరును మళ్లీ కట్టింది. నాకు ఈ రచనలన్నీ ఇంగ్లీషు ద్వారానే అందాయి. అక్కడ ఏ భాష పెత్తనం చేసిందో ఆ భాషే వాళ్ల గొంతును ఇంతదూరం మోసుకొచ్చింది. ఇందులో మెలిక ఉంది, ఉపకారమూ ఉంది. రెండూ ఒప్పుకోవాలి.

ఇంకో పుస్తకం చదవకపోతే ఈ లెక్క తేలదు. 1976లో అన్‌ అంతాన్‌ కపేష్‌ అనే ఇన్ను మహిళ తన భాషలో రాసిన ఆత్మకథాత్మక నిరసన, ఫ్రెంచి అనువాదంతో కలిసి వెలువడింది. తనని తిట్టిన ‘పాపిష్టి అడవిమనిషి’ అన్న మాటనే ఆమె పేరుగా పెట్టుకుంది. గనులొచ్చి నేల పోవడం, బడులొచ్చి పిల్లల నోట భాష పోవడం ఆమె విషయం. ఆమె పిల్లల బడిభాష ఫ్రెంచి. ఇంగ్లీషు ముందు అణగిపోయానన్న భాష ఇన్ను ముందు దొరభాష. ఏకాంతాలు రెండే అని లెక్కపెట్టిందెవరో కపేష్‌ని చదివాక తెలుస్తుంది.

2022లో వచ్చిన 96వ చట్టం ప్రకారం, క్విబెక్‌ ప్రభుత్వం కొత్తగా వచ్చిన వలసదారులతో ఆరు నెలల తర్వాత, ఆరోగ్యం, భద్రత వంటి మినహాయింపులు పోను, ఫ్రెంచిలోనే వ్యవహరించాలి. ఇంగ్లీషు సముద్రం మధ్య ఫ్రెంచి మునిగిపోతుందన్న భయం నిజమైనదే. కాని ఆ ఆరు నెలల్లో చంటిపిల్లతో ఇంట్లో ఉండే వలస స్త్రీ ఎంత భాష నేర్చుకోగలదు? ఆమె నేర్చుకునే వేళకి ఆ పిల్లను ఎవరు చూస్తారు? రోజ్-అన్నా కొండెక్కి అడగలేకపోయిన ప్రశ్న ఇలాంటిదే. భాషను కాపాడుకునే ఏ ఉద్యమమైనా, మన ఉద్యమాలతో సహా, ముందుగా జవాబు చెప్పాల్సింది దీనికే.