లావినో రచ్చకీడ్చిన మొగుడు

1966లో నైరోబీలో అచ్చయిన ఒక కావ్యం నిండా ఒక ఇల్లాలు తన మొగుణ్ణి దెప్పుతూనే ఉంటుంది. ఆమె పేరు లావినో, ఉత్తర ఉగాండాలోని అచోలి సీమ మనిషి. మొగుడు ఒచోల్ తెల్లవాళ్ల చదువు చదివినవాడు. పెళ్లానికి చదువు రాదు, బైబిలు తెలియదు, గడియారం చూడటం రాదు, జంటగా పట్టుకుని ఆడే ఇంగ్లిషు నాట్యం రాదు అని ఈసడిస్తాడు. పెదాలకు రంగు పూసుకునే క్లెమెంటీన్‌ను తగులుకున్నాడు. లావినో ఏడుస్తూ మూల కూచోలేదు. వంశంలోని వాళ్లందరినీ పేరుపేరునా పిలిచినట్టు పిలిచి, పదమూడు అధ్యాయాల పాట కట్టి అతన్ని రచ్చకీడ్చింది.

ఈ ‘సాంగ్ ఆఫ్ లావినో’ రాసిన ఒకోట్ పబీటెక్ 1931లో గులులో పుట్టాడు. తండ్రి బడిపంతులు, తల్లి పేరున్న పాటగత్తె. అతను ఫుట్‌బాల్ ఆటగాడు కూడా. 1956లో ఉగాండా జట్టుతో బ్రిటన్ వెళ్లి, చదువు కోసం అక్కడే ఉండిపోయాడు. చివరికి ఆక్స్‌ఫర్డ్‌లో మానవశాస్త్రం తరగతికి వెళితే, మొదటి ఉపన్యాసంలోనే ఆఫ్రికన్లను ఆటవికులన్నారు. అతను అభ్యంతరం చెప్పాడు గానీ ఫలితం లేకపోయింది. అక్కడ ఉన్నప్పుడే అచోలి, లాంగో ప్రజల మౌఖిక సాహిత్యం మీద పరిశోధన రాశాడు. లావినో నోటి దురుసులో సగం ఆ తరగతి గదికి బాకీ ఉన్న జవాబేనని నాకు అనుమానం.

అచోలి పాట నాట్యంతో కలిసే పుడుతుంది. యువతీయువకులు ఆడే ఒరక్ పాటలు వేరు, చావు దగ్గర పాడేవి వేరు, నాయకుడి వాకిట్లో ఆడే బ్వోలా వేరు. ఒరక్ పాట చిన్నది. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు, అవే మాటలు మళ్లీ మళ్లీ తిరుగుతాయి. ఆ పాటల్లో తరచూ వినిపించే గోడు కన్యాశుల్కం. పిల్ల మీద మనసుంది, ఇవ్వడానికి పశువుల్లేవు. ఒకోట్ 1953లో అచోలి భాషలో రాసిన మొదటి నవల ‘లాక్ తార్’ కూడా కన్యాశుల్కం డబ్బు కోసం కంపాలా చేరిన కుర్రవాడి కథే. ఒరక్ పాటలో వేసే చురక ఎవరికి తగిలిందో వినేవాళ్లకు తెలుసు, తగిలినవాడూ అక్కడే ఉంటాడు. మన పెళ్లిళ్లలో వియ్యపురాళ్ల మీద కట్టే పాటలు విన్నవాళ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు.

అచోలి పాటకు ఇంకో పనిముట్టు ‘మ్వోచ్’. వంశాలకీ మనుషులకీ బిరుదుకేకలుంటాయి. ఆటలోనో పోరులోనో ఒళ్లు పొంగినప్పుడు ఆ కేక వేస్తారు. లావినో కూడా తాను ఒకప్పుడు ఆడపిల్లలకు నాయకురాలినని గర్వంగా చెప్పుకుంటుంది. సభలో తనకో స్థానం ఉందని గుర్తుచేయకపోతే ఆమె తిట్టుకు బరువుండదు. అందుకే ఆమె మాటల్ని సణుగుడుగా చదివేవాళ్లకు సగమే అందుతుంది. అది వంశం ముందు పెట్టిన ఫిర్యాదు, వినేవాళ్లు సాక్షులు.

మౌఖిక సంప్రదాయం అనగానే చాలామంది పరాయి గాలి సోకని పాతకాలాన్ని ఊహించుకుంటారు. కానీ అచోలివాళ్ల లరకరక నాట్యంలో కుర్రాళ్లు సొరబుర్ర చిప్పల్ని వాయిస్తారు. దేనితో? సైకిలు చువ్వల కట్టతో. తెల్లవాళ్ల కాలంలో వచ్చిన సైకిలు అచోలి తాళంలో కలిసిపోయింది. అచోలి పాటకు కొత్త వస్తువుతో పేచీ లేదు, పేచీ అంతా కొత్తగా నేర్పిన సిగ్గుతో. ఉగాండా 1894లో బ్రిటిష్ రక్షిత ప్రాంతమైంది. అచోలి సీమ మీద పట్టు బిగియడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. తుపాకులు అప్పగించమంటే లామోగి వంశంవాళ్లు 1911–12లో తిరగబడ్డారు కూడా. ఆ తిరుగుబాటు అణిగింది. మిషనరీ బడి నేర్పిన సిగ్గు మాత్రం ఒచోల్ లాంటి వాళ్ల ఒంట్లో దిగిపోయింది.

కావ్యంలో నాకు బాగా నచ్చే ఘట్టం సాయంత్రపు మతపాఠాలది. లోపల పిల్లలు అర్థం తెలియని మాటలు వల్లెవేస్తుంటారు. బయట ఆటస్థలం నుంచి తోటివాళ్ల పాట వినబడుతుంది. లావినో పరుగెత్తి వెళ్లిపోతుంది. ఆమెకు తెల్లవాళ్ల నాట్యం మీదున్న ఫిర్యాదు కూడా ఇక్కడే మొదలవుతుంది. అది చీకట్లో, మూసిన గదిలో ఇరుక్కుని ఆడేది. అచోలి ఆట ఆరుబయట, అందరి కళ్ల ముందు. అక్కడ ఏ లోపమూ దాగదు. పాటకూ అదే నియమం.

విచిత్రం ఏమిటంటే, అచోలిలో పుట్టిన ఈ కావ్యం ఇంగ్లిషులోనే ముందు అచ్చయింది. మూలం ‘వేర్ పా లావినో’ వచ్చింది 1969లో. ఇంగ్లిషు చేసిందీ ఒకోటే. అందులో లయ, ప్రాస చచ్చిపోయాయని తనే ఒప్పుకున్నాడు. ఆ లోటు చూసే రచయిత టబాన్ లో లియోంగ్ మళ్లీ అనువదించి 2001లో ‘ద డిఫెన్స్ ఆఫ్ లావినో’ తెచ్చాడు. వరవరరావు అనువాదాలతో మనకు దగ్గరైన గూగీ వా థియాంగో, ఈ టబాన్, హెన్రీ ఓవూర్-అన్యుంబా కలిసి 1968లో నైరోబీలో ఇంగ్లిషు శాఖనే రద్దు చేయమని వాదించారు. ఆఫ్రికా సాహిత్యం చదువుకు కేంద్రం కావాలి, అందులో మౌఖిక సాహిత్యానికి పెద్దపీట ఉండాలి అన్నారు. వాళ్ల వాదనకు రుజువుగా లావినో పాట అప్పటికే పుస్తకాల దుకాణాల్లో ఉంది.

1970లో మొగుడి వంతు వచ్చింది. ‘సాంగ్ ఆఫ్ ఒచోల్’లో అతను భార్యను నోరు మూసుకుని మూట సర్దుకోమంటాడు, ఆఫ్రికా పాతదనాన్ని దుమ్మెత్తిపోస్తాడు. కోపం ఉంది గానీ పాట అందుకునే గొంతులు లేవు. అందుకే ఆ పుస్తకం నాకు పలచగా కనిపిస్తుంది. మరుసటి ఏడాదే ఒకోట్ ‘సాంగ్ ఆఫ్ మలయా’లో ఒక వేశ్యకు నోరిచ్చాడు. క్లెమెంటీన్‌కు మాత్రం ఏ పుస్తకంలోనూ ఇవ్వలేదు. లావినో ఆమె ముఖాన్నీ జుట్టునూ నిర్దయగా వెక్కిరిస్తుంటే మనమూ నవ్వుతాం. నిజమైన ఆటస్థలంలో అయితే తిట్లు తిన్న మనిషి కూడా ఎదురుగా నిలబడి పాట ఎత్తుకునేది.