కమాన్ కట్టలో ఉన్న లెక్క

నాగర్‌కర్నూల్ జిల్లా ఉప్పునుంతల మండలంలో తారురోడ్డు దిగిన చోటే లారీకి అసలు పరీక్ష మొదలవుతుంది. ఒకవైపు హైదరాబాద్–శ్రీశైలం రహదారి, ఇంకోవైపు డిండి జలాశయానికి నీళ్లు మోసుకుపోయే దుందుభి వాగు. నడుమ ఎర్ర చెలకలు, నల్లరేగళ్లు, దున్నినప్పుడల్లా పైకి తేలే బండరాళ్లు. పత్తి, పల్లికాయ, కంకర, ఇసుక ఏదైనా సరే, చేనులోంచో వాగులోంచో రోడ్డెక్కాల్సిందే. వానకు దిగబడిన గాళ్లు ఎండాకాలానికి రాయిలా గట్టిపడతాయి. ఆ దారిలో ముందు చక్రం గుంటలో, వెనక చక్రం గుండు మీద ఉన్నప్పుడు బండి బరువంతా ఒక మూలకు ఒరుగుతుంది. ఆ దెబ్బను టైరు తర్వాత మొదట కాచుకునేది కమాన్ కట్ట. ఆ కట్టను విప్పి, సరిచేసి, మళ్లీ కట్టే మేస్త్రీ పనితనం గురించే ఈ పరిచయం. పాలమూరు పల్లెల బరువు మోసే బండ్లన్నీ అతని చేతి మీదే ఆధారపడి ఉన్నాయి. అయినా ఆ చేతిలోని విద్యను విద్యగా గుర్తించినవాళ్లు తక్కువ.

చూడ్డానికి కమాన్ కట్ట చాలా సాదా వస్తువు. పొడవు తగ్గుతూ పోయే ఉక్కు పట్టీలు ఒకదాని కింద ఒకటి, వాటన్నిటినీ గుచ్చిన సెంటర్ బోల్టు, కట్టను ఇరుసుకు అదిమి పట్టే యూ బోల్టులు, అంతే. అన్నిటికంటే పైనుండే మెయిన్ పట్టీ చివరలు గుండ్రంగా చుట్టి ఉంటాయి. ఆ చుట్టల్లో బుష్‌లు దూరుతాయి. ఒక చివర ఛాసిస్‌కు స్థిరంగా ఉంటే, రెండో చివర షాకిల్‌తో ఊగుతుంది. బరువు పడి పట్టీ సాగినప్పుడు పొడవు పెరగాలి కదా, ఆ పెరిగే పొడవుకు చోటిచ్చేది షాకిల్. కట్టకు అక్కడక్కడా తొడిగిన క్లిప్పులకూ పని ఉంది. బండి ఎగిరిపడినప్పుడు చక్రం కిందికి వేలాడుతుంది. ఆ క్షణంలో మెయిన్ పట్టీ ఒక్కటే భారం మోయకుండా, కింది పట్టీలనూ పనిలోకి లాగేవి ఆ క్లిప్పులే.

అసలు నేర్పు పట్టీల వంపులో ఉంది. పట్టీలన్నిటికీ ఒకే వంపు ఉండదు. కింది పట్టీకి పైదానికంటే కాస్త ఎక్కువ వంపు ఇస్తారు. విడిగా ఒకదానిపై ఒకటి పేరిస్తే నడుమ సన్నని సందు కనిపిస్తుంది. సెంటర్ బోల్టు బిగించినప్పుడు ఆ సందు మూసుకుపోయి, మెయిన్ పట్టీ తన సహజమైన వంపుకంటే ఇంకొంచెం వంగుతుంది. బండి మీద బరువు పడితే మెయిన్ పట్టీ తిన్నగా సాగాలి, దాని పై ముఖం లాగుడుకు గురవ్వాలి. ముందే ఎక్కువ వంచి ఉంచడం వల్ల ఆ ముఖంలో నొక్కుడు నిలవ ఉంటుంది. బరువు వేసే లాగుడులో కొంత ఆ నొక్కుడును తీర్చడానికే ఖర్చవుతుంది. ఇంజనీరింగ్ పుస్తకాలు సూత్రాలతో చెప్పే ఈ సంగతిని మేస్త్రీ కంటితో కొలుస్తాడు. పట్టీని వెలుతురుకెత్తి, జంట పట్టీతో జోడించి, సందు చూసి, మళ్లీ దిమ్మె మీదికి తెస్తాడు.

సాగిపోయిన పట్టీకి వంపు తేవడానికి కొలిమి అక్కర్లేదు. రెండు అంచుల దిమ్మె మీద పట్టీని వంపు కిందికి వచ్చేలా ఆనించి, పైకి కనిపించే లోవంపు ముఖం మీద సమ్మెటతో కొట్టుకుంటూ పోతాడు. దెబ్బ పడ్డాక పట్టీని కొద్దిగా జరుపుతాడు, మళ్లీ కొడతాడు. దెబ్బల మధ్య ఎడం సమానంగా ఉండాలి. ఒకే చోట ఎక్కువ కొడితే అక్కడ మడత పడుతుంది, రేపు విరిగేది అక్కడే. దెబ్బ పడే ముఖం కూడా గమనించదగ్గది. బరువు కింద లాగుడు పడేది సరిగ్గా ఆ ముఖానికే. సమ్మెట దెబ్బ ఆ ముఖాన్ని అదిమి, వంపుతో పాటు కొంత రక్షణ కూడా ఇస్తుంది. ఫ్యాక్టరీల్లో కొత్త పట్టీల మీద సన్నని ఉక్కు గుండ్లను జల్లుగా కొట్టేది ఇదే ప్రయోజనం కోసం.

కమాన్లకు వాడేది సిలికాన్, మాంగనీసు కలిసిన ఉక్కు. ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ తక్కువ వేడిలో పదును దించితేనే దానికి వంగి లేచే గుణం వస్తుంది. అందుకే మంచి మేస్త్రీ రెండు పనులు చెయ్యడు. విరిగిన పట్టీని వెల్డింగ్‌తో అతకడు, గ్యాస్ మంటతో పట్టీకి కన్నం పెట్టడు. మంట తగిలిన చోట ఫ్యాక్టరీ ఇచ్చిన పదును పోతుంది, పక్కనే పెళుసుదనం పుడుతుంది. అతికిన పట్టీ షెడ్డు ముందు బాగానే ఉంటుంది, వాగులో దిగాక అతుకు పక్కన విరుగుతుంది.

విరిగిన ముక్కను చదవడంలో ఈ పనివాళ్ల తెలివి ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ముఖమంతా తెల్లగా, గరుకుగా, ఉప్పురవ్వలా మెరిస్తే ఒక్క దెబ్బకు విరిగిందని అర్థం. ఒక అంచున నల్లబడి, తుప్పు పట్టి, నున్నగా ఉండి, మిగతా భాగం మాత్రమే మెరిస్తే బీట చాలా రోజుల కిందటే మొదలైనట్టు. మొన్నటి గుంట చివరి దెబ్బ మాత్రమే. లోహం ఒక్కసారి మోయగల బరువుకంటే చాలా తక్కువ బరువు కూడా లక్షల సార్లు పడితే దాన్ని విరుస్తుందని 19వ శతాబ్ది మధ్యలో జర్మనీ ఇంజనీరు ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసుల మీద పరీక్షలు చేసి నిరూపించాడు. ఆ పేరు వినకపోయినా, ఆ సత్యం కమాన్ల షెడ్డులో రోజూ చేతికి దొరుకుతుంది. బీట ఉందేమోనని అనుమానం వస్తే కిరసనాయిలు పూసి, తుడిచి, సుద్ద రాస్తే చాలు. బీటలో దాగిన నూనె సుద్ద మీదికి చారగా ఊరుతుంది. సెంటర్ బోల్టు కన్నం దగ్గరా, మెయిన్ పట్టీ చుట్ట దగ్గరా ముందు వెతకాలి. పట్టీలు ఎక్కువగా విరిగేది అక్కడే.

ఇంత పని తెలిసినవాడికి వచ్చే పెద్ద చిక్కు పనిలో లేదు, అడిగేవాళ్లలో ఉంది. "ఇంకో రెండు పట్టీలు ఎక్కియ్యన్నా" అనేది కమాన్ల షెడ్డులో తరచూ వినిపించే మాట. బరువు ఎక్కువ వేసుకోవాలి, కమాన్ విరగొద్దు, అంతే కోరిక. పట్టీలు పెంచే బదులు మందమైన పట్టీ వేస్తే ఏమవుతుందో లెక్క చూద్దాం. పట్టీ బిర్రు, అంటే వంగకుండా ఎదిరించే గుణం, దాని మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 12 మిల్లీమీటర్ల పట్టీ తీసి అదే కొలతల్లో 15 మిల్లీమీటర్లది వేస్తే బిర్రు దాదాపు రెట్టింపు. కానీ అన్ని పట్టీలూ కలిసి ఒకే మేర వంగాల్సి వచ్చినప్పుడు, మందమైన దానిలో ఒత్తిడి పాతిక శాతం ఎక్కువ. బలం కోసం వేసిన పట్టీయే ముందు విరగొచ్చు. అది విరగకపోతే దెబ్బ ఇరుసుకో, ఛాసిస్‌కో, డ్రైవర్ నడుముకో పోతుంది. గుంట ఇచ్చిన దెబ్బ ఎక్కడో ఒకచోట దిగాల్సిందే. ఇల్లు కాలకుండా తాను కాలే ఫ్యూజు తీగలాగా, మిగతా బండిని కాపాడుతూ ముందు అలిసిపోవడమే కమాన్ ధర్మం.

2018లో కేంద్ర ప్రభుత్వం నాలుగు టైర్ల ఒంటి ఇరుసు మీద పరిమితిని 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది. ఆ అంకె సరిపోయేది రెండు వైపులా బరువు సమానంగా పడే రోడ్డు మీద. చెలక దారిలో బండి ఒరిగితే అందులో సగం కంటే చాలా ఎక్కువ ఒక్క కమాన్ మీదే పడుతుంది. అంటే కాగితం మీద చట్టబద్ధమైన బరువు కూడా వాగులో అతి బరువే. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో 1958–60 మధ్య జరిగిన రోడ్డు పరీక్షలు ఇంకో సంగతి తేల్చాయి. ఇరుసు బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం దాదాపు 16 రెట్లు. అతి బరువు గుంటను పెంచుతుంది, పెరిగిన గుంట కమాన్‌ను విరుస్తుంది.

మనిషికీ పరిమితి ఉంది. కూర్చున్న మనిషి వెన్ను సెకనుకు 4 నుంచి 8 సార్ల ఊపుకు ఎక్కువగా స్పందిస్తుంది, గతుకుల దారిలో బండ్లు ఇచ్చే ఊపు తరచూ ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. మన పొలాల్లో తిరిగే ట్రాక్టర్లకు సాధారణంగా కమాన్లే ఉండవు. దెబ్బ కాచేది టైరూ, సీటు కింది స్ప్రింగూ మాత్రమే. ఏళ్ల తరబడి నడిపినవాళ్ల నడుము నొప్పికి ఒక కారణం అక్కడే ఉంది. దారి ఎరిగిన డ్రైవర్ గుంట ముందే వేగం తగ్గించి, చిన్న గేరులో దింపి, గుంటలోకి దిగాక బ్రేకు తొక్కకుండా దాటిస్తాడు. గుంటలో బ్రేకు పడితే బరువంతా ముందు కమాన్ల మీదికి విసురుగా వస్తుంది. అలాంటి డ్రైవర్ బండి కమాన్లు ఎక్కువ కాలం బతుకుతాయి. మేస్త్రీ పనితనానికి సగం ఆయుష్షు పోసేది డ్రైవర్ పాదమే.

బండ్లున్నవాళ్లకు నా మనవి ఇది. కమాన్ కట్టించాక బరువుతో కొంత దూరం నడిపి, యూ బోల్టులు తప్పకుండా మళ్లీ బిగించుకోండి. అవి వదులైతే సెంటర్ బోల్టు తెగి ఇరుసే జరుగుతుంది. సాగిన పాత యూ బోల్టులను తిరిగి వాడొద్దు. పట్టీలు పెంచమని మేస్త్రీని బలవంతం చెయ్యొద్దు, వద్దన్న మేస్త్రీ మాట వినండి. ఐటీఐల్లో డీజిల్ మెకానిక్ చదివే పిల్లలను కొన్నాళ్లు ఈ షెడ్లకు పంపితే, విరిగిన ముక్కను చదవడం, సందు చూసి వంపు తేల్చడం వాళ్లకూ వస్తాయి. బండి ఎంత మోయగలదో తెలిసి, అంతకు మించి మోయించనని చెప్పగలవాడే నిజమైన కమాన్ మేస్త్రీ.