ఆ స్తోత్రం తర్వాత ఇంకొక్క మాట

డిసెంబరు 31 రాత్రి మన తెలుగు సంఘాల్లో కూడికకు వెళ్లే అలవాటున్నవాళ్లకు ఒక ప్రార్థన కంఠతా వచ్చేసి ఉంటుంది. మాకంటే ఘనులు, బలవంతులు, ధనవంతులు ఎందరో ఈ ఏడాది గతించిపోయారు ప్రభువా, ఏ యోగ్యతా లేని మమ్మల్ని సజీవుల లెక్కలో ఉంచావు, నీకు స్తోత్రం. పెద్దలు కన్నీళ్లతో చేసే ప్రార్థన ఇది. అందులోని తగ్గింపు నిజమైనది. బతికి ఉండటం మన గొప్ప కాదని నలుగురిలో ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు. నాకు ఆ ప్రార్థన ఇష్టం.

కానీ అదే చాప మీద, ఆ ఏడే భర్తను పోగొట్టుకున్న ఆవిడ కూడా కూర్చుని ఉంటుంది. మనం గతించిపోయారన్న ఎందరిలోనో ఆమె ఇంటి మనిషి ఉన్నాడు. చుట్టూ అందరూ ఆమేన్ అంటుంటే ఆమె ఏమనాలి?

లూకా సువార్త 18వ అధ్యాయంలో పరిసయ్యుడూ సుంకరీ దేవాలయానికి వెళ్తారు. పరిసయ్యుడు గర్విష్ఠి అని మనం తేలిగ్గా తేల్చేస్తాం. అతని ప్రార్థన కూడా కృతజ్ఞతతోనే మొదలైంది. వారానికి రెండుసార్లు ఉపవాసం, సంపాదనలో పదోవంతు కానుక. చెప్పినవాటిలో అబద్ధం ఉందని కథలో ఎక్కడా లేదు. దేవుణ్ణి స్తుతిస్తూనే ఓరకంట పక్కవాణ్ణి చూశాడు, అక్కడ చెడింది. దూరంగా నిలబడి కళ్లెత్తడానికి కూడా జంకి, రొమ్ము కొట్టుకున్న సుంకరే నీతిమంతుడిగా ఇంటికి వెళ్లాడన్నది యేసు తీర్పు.

పోల్చకుండా స్తుతించడం సాధన చేస్తేగాని రాదు. ఈ పూట అన్నం పెట్టినందుకు స్తోత్రం చెప్పడానికి పస్తున్నవాళ్ల ప్రస్తావన అక్కర్లేదు. తెస్తే వాళ్ల కోసమే తేవాలి. మా ఇంటి ప్రార్థనలో నేను పాటించే పద్ధతి ఇదే: స్తోత్రంలో మాకు జరిగిన మేలు మాత్రమే చెబుతాను, ఇంకో ఇంటి కష్టం నోటికొస్తే అది విజ్ఞాపనలోకి వెళ్తుంది.

పోల్చకూడదంటే తోటివాళ్లను మరిచిపొమ్మని కాదు. యేసు నేర్పిన పరలోక ప్రార్థన దేవుని నామాన్ని ఘనపరచడంతో మొదలవుతుంది. రొట్టె, క్షమాపణ, శోధన నుంచి విడుదల ఆ తర్వాత వస్తాయి. మత్తయి సువార్తలో ఆ ప్రార్థన నేర్పిన వెంటనే యేసు ఒక్క మనవినే మళ్లీ ఎత్తుకుని వివరించాడు. అది తోటివాళ్లను క్షమించడం గురించి. అంతకుముందు అధ్యాయంలోనైతే, సోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే కానుకను బలిపీఠం ముందే వదిలి, ముందు వెళ్లి సమాధానపడమన్నాడు. ఆరాధనను మధ్యలో ఆపి మరీ వెళ్లాల్సినంత పని అది.

సంఘ పెద్దలకు నా విన్నపం ఒకటే. ఆ రాత్రి స్తోత్రం మానొద్దు. దాని వెంటనే, ఆ ఏడాది మనిషిని పోగొట్టుకున్న కుటుంబాలను పేరుపేరునా తలచుకుని ఆదరణ అడగండి. మర్నాడు జనవరి 1 ఆరాధన అయ్యాక, కేకులు పంచుకోకముందే, ఆ ఇళ్లకు వెళ్లి కాసేపు కూర్చోండి. అక్కడ పెద్ద ప్రార్థనలేమీ చేయనక్కర్లేదు, మీరు వెళ్తే చాలు.